‘న’ రాని ట్యాబ్

పోయిన వారం స్టాఫ్ రూములో మా లెక్కల టీచరు తన కొడుకు ట్యాబ్ తెచ్చి బల్ల మీద పెట్టింది. మంచం మీది నుంచి జారి పడిందట. ఒక మూల నుంచి మధ్యదాకా అద్దం పగిలింది. తాండూరులో అద్దం మార్చడానికి చెప్పిన ధర వింటే గుండె ఆగినంత పనైందని, ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుందని, ఆ ఇంకొంచెమే తన దగ్గర లేదని చెప్పుకొచ్చింది. “నువ్వైతే ఏం చేస్తవు? బాగు చేయిస్తవా, ఇట్లనే వాడుకుంటవా?” అని అడిగింది.

నేను ట్యాబ్ దగ్గరికి లాక్కుని, అక్షరాలు తెరిచి, ‘న’ మీద వేలు పెట్టాను. తెర మీద ‘న’ పడింది. ధర సంగతి అడిగితే ఓనమాలు దిద్దుతున్నావేమిటని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మధ్యాహ్నం పాఠం చెప్తున్నంతసేపూ మా పెద్దమ్మ వేలే కళ్ల ముందు ఉంది. పెనం వేడికి మొద్దుబారి, గోరు చుట్టూ పిండి ఎండిన వేలు. పగిలిన అద్దానికి వెంట్రుకవాసి పైన ఆగి, దిగకుండా ఉండిపోయిన వేలు.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. వికారాబాదులో స్టేషనుకు దగ్గర్లో నేను అద్దెకున్న ఇంటామె. నేను తాండూరులో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్తాను. పొద్దున బండికి పోయి సాయంత్రం బండికి తిరిగి వస్తాను. ఇంటి ముందు భాగంలో ఆమె, ఆమె తమ్ముడు ఉండేవాళ్లు. వెనక గది నాది. ఆమెకు అరవై దాటాయి. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. తమ్ముడు పెళ్లి చేసుకోలేదు. అతను తాండూరులో బండల పాలిష్ కార్ఖానాలో పనిచేసేవాడు. నేనెక్కే బండే ఎక్కేవాడు గానీ, ధారూరు దాటేలోపు నాలుగు మాటలు మాట్లాడితే అదే గొప్ప. ఆ ఇంట్లో మాటలన్నీ అక్క వంతుకే వచ్చాయి.

పెద్దమ్మ జొన్నరొట్టెలు చేసి అమ్మేది. వాకిట్లో కట్టెల పొయ్యి, ఇనుప పెనం, పక్కన నీళ్ల గిన్నె. రెండు చేతులా తట్టి రొట్టె పెంచుతుంటే, ఆ చప్పుడు నా గదిలోకి వినపడేది. పెనం మీద వేసిన రొట్టెతో కూడా మాట్లాడేది. పొంగకపోతే “ఏమైందే నీకు, ఎవరి మీద అలిగినవ్” అని అడిగేది. పూడూరు నుంచి, నవాబుపేట నుంచి పనిమీద వచ్చినవాళ్లు బస్సు ఎక్కేముందు ఆమె దగ్గర రొట్టెలు మూటగట్టించుకుని పోయేవాళ్లు. నోరు మంచిదైతే ఊరు మంచిదని రోజుకొకసారైనా అనేది. అన్న మరుక్షణమే కట్టెలు తెచ్చినవాడితోనో, పక్కింటి కోడలితోనో తగవు పెట్టుకునేది. ఆమె తగవుల్లో ఒక విచిత్రం ఉండేది. ఏదీ ఒకే రోజు పూర్తి చేసేది కాదు. మంచి ఊపు మీద ఉండగా పెనం వైపు చూసి, “రొట్టె మాడుతుంది. మిగిల్ది రేపు తిడ్త, పో” అనేది. మర్నాడు అవతలి మనిషి కనిపిస్తే సరిగ్గా ఆపిన చోట నుంచే అందుకునేది.

అట్లాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. పట్నం ఆసుపత్రిలో మాట పుట్టే స్వరపేటికను మొత్తంగా తీసేశారు. మెడ కింద ఊపిరి ఆడడానికి ఒక రంధ్రం మిగిల్చి పంపారు. తిరిగొచ్చిన రోజు వాకిట్లోకి అడుగుపెట్టి, పొయ్యి వైపు చూసి, నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. మెడకు చుట్టిన పల్చటి గుడ్డ ఒకసారి పొంగి అణిగింది. అంతే. వాకిట్లో నిలబడ్డ మేమెవరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

కార్ఖానా సేటు కొడుకు వాడి పక్కన పడేసిన పాత ట్యాబ్‌ను తమ్ముడు అడిగి తెచ్చాడు. ఆసుపత్రిలో ఒకమ్మాయి దాన్ని ఎట్లా వాడాలో నేర్పిందట. అక్షరాలు కొట్టి, పక్కనున్న బొమ్మ నొక్కితే అది పైకి చదువుతుంది. పెద్దమ్మ పదో తరగతి దాకా చదివింది. నాలుగు రోజుల్లో చెయ్యి తిరిగింది. పాత చీర గుడ్డతో సంచి కుట్టుకుని ట్యాబ్‌ను భుజానికి తగిలించుకునేది. కాగితం మీద రాసి చూపించవచ్చు కదా అని నేనొకసారి అంటే, ట్యాబ్ చేత చెప్పించింది: “చీటీ రాస్తే చూసేటోడు చూస్తడు. మాటయితే చూడనోని చెవుల గూడ పడ్తది.”

కానీ ఆ గొంతు ఆమెది కాదు. వార్తలు చదివే అమ్మాయి గొంతులాగా మెత్తగా, నిదానంగా, ఏ ఎగుడుదిగుడూ లేకుండా ఉండేది. “నీ నోట్ల మన్నువడ” అని కొడితే, రేపు అక్కడక్కడ జల్లులు పడవచ్చన్నంత మర్యాదగా చదివేది. తిట్లు తిన్నవాళ్లు నవ్వేవాళ్లు. పెద్దమ్మకు ఆ నవ్వే పడేది కాదు. అంతకుముందు ఆమెను చూసి భయపడేవాళ్లున్నారు, అలిగినవాళ్లున్నారు, మొహం తిప్పుకున్నవాళ్లున్నారు. నవ్వినవాళ్లు లేరు.

వినాయక చవితి దగ్గర పడుతుండగా, దోమ అనే ఊరి నుంచి జొన్నలు తెచ్చే వ్యాపారి పురుగు పట్టిన బస్తా దించిపోయాడు. మర్నాడు డబ్బులకు వచ్చినప్పుడు పెద్దమ్మ చాలాసేపు కూర్చుని కొట్టింది. అతను చేతులు కట్టుకుని ఎదురుచూశాడు. ట్యాబ్ అతని వంశాన్నంతా ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరించినట్టు చదివింది. అతను పొట్ట పట్టుకుని నవ్వి, “మళ్లొకసారి అనిపియ్యమ్మా, మా ఇంట్ల వినిపిస్త” అని తన ఫోను తీశాడు. పెద్దమ్మ లేచి నిలబడి, ట్యాబ్‌ను రెండు చేతులతో ఎత్తి వాకిట్లో బండల మీద కొట్టింది.

అద్దం కింది మూల నుంచి పగిలింది. ట్యాబ్ మాత్రం బతికే ఉంది. ఆ సాయంత్రం నేను వచ్చేసరికి దాన్ని ఒళ్లో పెట్టుకుని అక్షరాలు ఒక్కొక్కటీ నొక్కి చూస్తోంది. నన్ను చూసి ‘న’ దగ్గర వేలు ఆపి, తల అడ్డంగా ఊపింది. తర్వాత కొట్టింది: “ఈ అక్షరం పోయింది.”

నేను చూస్తానని చెయ్యి చాపితే వెనక్కి లాక్కుంది. “చెయ్యి తెగుతది. ముట్టకు.”

అప్పటి నుంచి ఆ ఇంట్లో ‘న’ లేని భాష మొదలైంది. నీళ్లు వదిలారని చెప్పడానికి “గంగ వచ్చింది, బిందె పెట్టు” అనేది. తనను తాను “ముసల్ది” అని చెప్పుకునేది. “ముసల్ది రొట్టె చేసింది, వచ్చి తీస్కపో” అని గోడ అవతలి నుంచి ఆ వార్తల గొంతు పిలిచేది. అన్నిటికంటే కష్టం జొన్నతో వచ్చింది. రొట్టెలకు వచ్చినవాళ్లు తెల్లజొన్నవా, పచ్చజొన్నవా అని అడిగితే “తెల్ల పిండివి. పచ్చ పిండివి లేవు” అని చెప్పించేది. మాట దొరక్క ఆగినప్పుడు కళ్లు చిన్నవి చేసి, పెదవి కొరికి, చిన్నపిల్ల పొడుపుకథ విప్పినట్టు వెతికేది. దొరికితే మా వైపు గర్వంగా చూసేది. తమ్ముడు, నేను కూడా ఆటలో పడ్డాం. అక్క ఏ మాట తప్పించి ఏ మాట పెట్టిందో అతను రైల్లో నాకు చెప్పి నవ్వేవాడు. అంత మాట్లాడడం అతని దగ్గర నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ ఆటలోనే ఒక సంగతి ఉంది. పట్నం నుంచి వచ్చినప్పటి నుంచి తమ్ముడు రోజూ పొద్దున డ్యూటీకి పోయేముందు, “నొస్తుందా అక్కా?” అని అడిగేవాడు. ఇంతకుముందు ఆమె “నొస్తలేదు” అని కొట్టేది. అక్షరం పోయాక వేలు ‘న’ మీది పగులు దగ్గరికి తెచ్చి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, ఏం చెప్పను అన్నట్టు మొహం పెట్టేది. అతను నవ్వేవాడు. ప్రశ్న అక్కడే ఆగిపోయేది. వానలు వెనకబట్టి చలి మొదలైంది. తెల్లవారుజామున గోడ అవతల ఆమె ఊపిరి, మెడలోని రంధ్రం గుండా సన్నని ఈలలా వినపడేది. ఆ ఈల అంతకుముందు ఒక్క తీరుగా ఉండేది. ఇప్పుడు మధ్యమధ్య తెగుతోంది. చలికి అనుకున్నాను.

పగులు కూడా ఉన్నచోట ఉండలేదు. మూల నుంచి పైకి పాకుతూ వచ్చింది. తమ్ముడు బాగు చేయిద్దామన్నాడు. తాండూరులో మా బడికి పోయే దారిలో ఒక రిపేరు దుకాణం ఉంది. దాన్ని నడిపే అతనికి ముప్పై ఏళ్లుంటాయి. కంటికి భూతద్దం పెట్టుకుని, ఉర్దూలో పాట ఏదో నోట్లోనే పాడుకుంటూ పని చేస్తుంటాడు. ట్యాబ్ లేకుండా వివరం మాత్రం చెప్పి అడిగితే, ఈ పాత రకానికి అద్దం విడిగా దొరకదన్నాడు. తెర మొత్తం పట్నం నుంచి తెప్పించాలి, ఓ వారం తన దగ్గర ఉంచాలి, విప్పాక మొత్తానికే ఆగిపోతే తన జిమ్మేదారి కాదన్నాడు. ఆ ధరకు ఇంకొంత కలిపితే ఎవరో వాడిన ట్యాబ్ ఒకటి వస్తుందన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాను. అక్కా తమ్ముళ్ల మధ్య రోజుల తరబడి ఇదే చర్చ. తమ్ముడు రిపేరు చేయిద్దామంటాడు. మరో రోజు ఎవరో వాడిన ట్యాబే ఇంకొకటి కొందామంటాడు. పెద్దమ్మ రెండింటికీ ఒప్పుకోలేదు. “పగిలితే పగిలింది. పలుకుతది గద” అనేది. ఇంకా పట్టుపడితే “పైసలు చెట్లకు కాస్తయా” అనేది. ఇంట్లో డబ్బు లేక కాదు. ముందు గదిలో పిండి గిర్ని పెట్టాలని ఇద్దరూ ఏళ్లుగా చిట్టీ కట్టి కూడబెట్టారు. గిర్ని వస్తే తమ్ముడు కార్ఖానా మానేయాలన్నది ఆమె పట్టుదల. అతను మాత్రం, “నీ మాట కన్న గిర్ని పెద్దదా అక్కా” అని ఒకసారి అడిగాడు. ఆమె ట్యాబ్ సంచిలో పెట్టేసి పొయ్యి దగ్గరికి పోయింది.

ఒక ఆదివారం నా రొట్టెల మూట విప్పితే పైరొట్టె మీద ఎర్రటి మరక ఉంది. పోయి చూస్తే ఆమె చూపుడు వేలికి గుడ్డముక్క చుట్టి ఉంది. అద్దం పెచ్చులు లేస్తున్నాయి. తెర మీద ఎండిన రక్తం గీతలుగా ఉంది. దాని మీదుగానే ఆమె అక్షరాలు కొడుతోంది. తమ్ముడు ఆ మరక చూశాడు. మర్నాడు పొద్దున మొదటిసారి అక్క మీద గొంతు పెంచి, ట్యాబ్ టీచరుకు ఇవ్వమన్నాడు. పెద్దమ్మ సంచిని రొమ్ముకు అదుముకుంది. “ఇయ్యాల వద్దు. రేపు” అని కొట్టింది. అతను చెయ్యి చాపి అట్లానే నిలబడ్డాడు. చివరకు సంచితో సహా నాకిచ్చింది. ఇచ్చేముందు కొట్టిన మాట, “తొందరగ తే.” నేను గేటు దాటుతుంటే వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. ఆమె నోట్లో నుంచి రావాల్సినవన్నీ నా భుజానికి వేలాడుతున్నాయి.

దుకాణం అతను భూతద్దం పెట్టుకుని అద్దం మీద వెలుతురు పడేట్టు అటూ ఇటూ తిప్పాడు. ఏం తిప్పలని అడిగాడు. ‘న’ పనిచేయదని చెప్పాను. అతను అక్షరాలు తెరిచి, ఏదో ఒకటి కొట్టి చూద్దామని ‘నమస్తే’ అని కొట్టి, బొమ్మ నొక్కాడు.

“నమస్తే” అంది పెద్దమ్మ గొంతు.

నేను వినలేదనుకుని అతను మళ్లీ నొక్కాడు. మళ్లీ అంది. తర్వాత వేలితో తెరనంతా అడ్డంగా, నిలువుగా గీసి చూసి, “బిల్కుల్ మంచిగుంది మేడం. పైన అద్దమే ఖరాబయింది. లోపల ఏం కాలే. గీ అక్షరం ఎన్నడూ పోయి ఉండదు” అన్నాడు. ఇప్పటికి మీద పల్చటి ప్లాస్టిక్ పొర అంటిస్తే వేళ్లు తెగవని, అంత ఖర్చు అవసరం లేదని, నాకు లాభమైన సంగతి చెప్పినట్టే చెప్పి, అప్పుడే ఆ పొర అంటించి ఇచ్చాడు. దుకాణం ముందు నుంచి బండల లారీ ఒకటి పోతోంది. అది మలుపు తిరిగి పోయేదాకా చూస్తూ నిలబడ్డాను. రోజూ పొద్దున తమ్ముడు అడిగిన ప్రశ్న, ఆమె గాల్లోకి ఎత్తిన చేతులు, తెగుతున్న ఆ ఈల, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

సాయంత్రం వచ్చేసరికి పెద్దమ్మ పొయ్యి ముందు ఒంటరిగా ఉంది. తమ్ముడు ఆ రోజు పని ఎక్కువై తర్వాతి బండికి వస్తానన్నాడు. నేను ట్యాబ్ తీసి ఆమె ముందు పెట్టి, ‘న’ నొక్కి, బొమ్మ నొక్కాను. అది పలికింది. ఆమె నా వైపు చూడలేదు. పెనం మీద రొట్టె తిప్పింది, దించింది, పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. చేతులు కడుక్కుని ట్యాబ్ అందుకుంది.

“కూసో” అని కొట్టింది. తర్వాత చాలాసేపు కొట్టింది. మంట ఆరిపోయి నిప్పులు మాత్రం మిగిలాయి. అప్పుడు బొమ్మ నొక్కి, మెడ మీది గుడ్డ పక్కకు జరిపి చూపించింది. రంధ్రానికి ఒక పక్క చర్మం కింద గోలీకాయంత గట్టిగా, నల్లగా ఉబ్బి ఉంది.

“అక్షరం పోలే బిడ్డా. మాటనే నేను పోగొట్టిన. నొస్తుంది. శ్రావణం నుంచి నొస్తుంది. పట్నం పోతే గిర్ని పైసలు పోతయి. వాడు బండల దుమ్ముల ఉండి దగ్గుతడు, నా ముంగట దగ్గొద్దని బయటికి పోయి దగ్గుతడు. నా గొంతు ఎట్లాగూ పోయింది. వాని ఛాతి పోవద్దు. తమ్మునికి చెప్పకు.”

ఎన్ని ‘న’లు. ఇన్నాళ్లు దాచినవన్నీ ఒక్కసారిగా, ఆ గొంతు జల్లులు పడవచ్చన్నట్టే, ఏ ఎగుడుదిగుడూ లేకుండా చదివేసింది. నేను చెప్పకుండా ఉండలేనన్నాను. నువ్వే చెప్పు, రేపు పొద్దున్నదాకా చూస్తాను, నువ్వు చెప్పకపోతే నేను చెప్తానన్నాను. ఆమె నన్ను తిట్టడానికి అక్షరాలు తెరిచింది. మళ్లీ మూసేసి, ఆ రోజు రొట్టెలు నాలుగు నా చేతిలో పెట్టింది.

పొద్దున తమ్ముడు చాయ్ గ్లాసు పట్టుకుని, ఎప్పట్లాగే నొస్తుందా అక్కా అని అడిగాడు. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. పెద్దమ్మ వేలు పగులు మీదికి తెచ్చింది. ఈసారి దించింది. “న” అంది ట్యాబ్.

అతని మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, “అక్షరం వచ్చిందా టీచర్? మంచిగ చేసిచ్చిండా?” అని అడిగాడు. అతను అక్క పక్కన గొంతు కూర్చుని, ఇంకోసారి అనిపించమన్నాడు. ఆమె ఇంకోసారి అనిపించింది. తర్వాత మిగిలిన అక్షరాలు కూడా కొట్టింది.

“నొస్తుంది.”

చాయ్ గ్లాసు అతని చేతిలోనే ఉంది. కాసేపటికి అందులో మీగడ కట్టింది.

రెండు రోజుల తర్వాత ముగ్గురం పట్నం పోయాం. డాక్టరు లోపల పరీక్ష చేసి, బయటికొచ్చి తమ్ముడికి నెమ్మదిగా చెప్పాడు. గడ్డ మళ్లీ వచ్చింది, మెడలోని పెద్ద నరాన్ని పట్టుకుంది, ఇక కత్తి పెట్టలేం, నొప్పి తెలియకుండా మందులిస్తాం. శ్రావణంలోనే వస్తే ఏమైనా ఉండేదా అని నేనడిగాను. ఆయన ఉండేదనీ అనలేదు, లేదనీ అనలేదు. తమ్ముడు ఏదో అడగబోయి దగ్గాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగినా దగ్గు ఆగలేదు. డాక్టరు కాగితాలు మడవడం ఆపి అతన్నే చూశాడు. ఏం పని చేస్తావని అడిగాడు. ఎన్నేళ్లుగా అని అడిగాడు. అప్పటికప్పుడు అతని ఛాతీకి ఎక్స్‌రే తీయించాడు.

ఆ ఫోటో వెలుతురుకు పట్టి చూపించాడు. రెండు ఊపిరితిత్తుల్లోనూ తెల్లటి చుక్కలు చల్లినట్టున్నాయి. లోపల పేరుకున్న దుమ్ము బయటికి రాదని, ఇంకా పేరుకోకుండా చూసుకోవడమే మనం చేయగలిగిందని అన్నాడు. కార్ఖానాకు రేపటి నుంచి పోవద్దని, ఆర్నెల్లకోసారి తప్పకుండా వచ్చి చూపించుకోవాలని, ఇంకొన్ని నెలల ముందు వచ్చి ఉంటే చుక్కలు ఇన్ని ఉండేవి కావని కూడా అన్నాడు. పెద్దమ్మ పక్కనే బల్ల మీద కూర్చుని అన్నీ వింది.

తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. తమ్ముడు ఎదుటి సీట్లో కళ్లు మూసుకుని ఉన్నాడు. శంకర్‌పల్లి దాటాక ఆమె ట్యాబ్ తీసింది. గొంతు బాగా తగ్గించి, నా చెవి దగ్గర పెట్టి బొమ్మ నొక్కింది.

“నేను శ్రావణంలనే వస్తే, వీనిది అప్పుడే దొరుకుతుండె.”

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి వదిలించుకోలేదు, నా వైపు తిరగలేదు. బయట చీకటి పడుతున్న చేలవైపు చూస్తూ, ట్యాబ్ తెరను ఒడిలోకి బోర్లించింది. ఇంటికి చేరేదాకా దాన్ని తిప్పలేదు.

ఆ తర్వాత ఆమె దేనికీ ఆగలేదు. గిర్ని అమ్మేవాడిని ఇంటికి పిలిపించింది. మంచానికి ఆనుకుని కూర్చుని, ఆ మెత్తటి గొంతుతోనే బేరం చేసింది. అతను నవ్వితే నవ్వనిచ్చింది. మేస్త్రీ ముందు గదిలో గిర్నికి గద్దె కడితే, నీళ్ల చెంబు తెప్పించి మీద పోయించి, నీళ్లు ఒక పక్కకే జారుతున్నాయని చూపించి మళ్లీ కట్టించింది. మిషను దిగిన రోజు దాని పక్కన కుర్చీ వేయించుకుని సాయంత్రందాకా కూర్చుంది. ట్యాబ్ అద్దం సంగతి తమ్ముడు మళ్లీ ఎత్తాడు. ఇప్పుడన్నా మంచి తెర వేయిద్దామన్నాడు. ఆమె ప్లాస్టిక్ పొర మీద వేలు రుద్ది, ఇది చాలన్నట్టు చెయ్యి ఊపింది. వేయించాలా వద్దా అన్నది చివరిదాకా తేలనేలేదు.

గిర్నికి పెద్ద కరెంటు లైను రావడం ఆలస్యమైంది. ఆమె అప్పటిదాకా ఉండలేదు. ఎండలు ముదరకముందే, ఒక మధ్యాహ్నం, తమ్ముడు మందులకు పోయి వచ్చేలోపు పోయింది. అంతకు వారం ముందు నన్ను మంచం దగ్గరికి పిలిచింది. అప్పటికి వేళ్లు బాగా వణుకుతున్నాయి. ఒక్కొక్క అక్షరానికి ఎంతో సేపు పట్టింది.

“ఆర్నెల్లకు వాన్ని తోల్కపో. నొస్తే వాడు చెప్పడు. నా తమ్ముడు గద.”

తోల్కపోతానన్నాను. నమ్మిందో లేదో తెలియదు. నన్నే చూస్తూ ఉండి, కళ్లు మూసుకుంది.

ఇప్పుడు గిర్ని నడుస్తోంది. గిరాకీ బాగానే ఉంది. పొద్దున లేచేసరికే ముందు గదిలో డబ్బాలు వరసకట్టి ఉంటాయి. తమ్ముడు మొహానికి గుడ్డ కట్టుకుని పొద్దుగూకేదాకా మిషను దగ్గరే ఉంటాడు. కార్ఖానాకు మళ్లీ పోలేదు. డాక్టరు చెప్పిన ఆర్నెల్లు వచ్చాయని నేను గుర్తు చేశాను. మిషను మోతలో వినబడనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. గట్టిగా చెప్పాను. గిర్ని బంద్ పెడితే వచ్చేవాళ్లు వేరేచోటికి పోతారని, మంచిగనే ఉన్నానని, వచ్చే నెల చూద్దామని అన్నాడు. ఆ నెల అయిపోయింది. ఇంకోసారి అడిగితే మళ్లీ అదే అన్నాడు. మంచిగనే కనిపించాడు కూడా. దగ్గు వినిపించి చాలా రోజులైంది.

నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చి, జొన్నల డబ్బా తీసుకుని ముందు గదిలోకి పోయాను. నలుగురైదుగురు ఆడవాళ్లు వరసలో ఉన్నారు. గిర్ని ఇల్లంతా అదిరేట్టు తిరుగుతోంది. తమ్ముడు మాకు వీపు పెట్టి, గోడ వైపు వంగి, మిషను మీద ఒక చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. పిండి ఎట్లా పడుతోందో చూస్తున్నాడనుకున్నాను.

అంతలో కరెంటు పోయింది.

గిర్ని మోత సన్నగిల్లి, చక్రం ఒకటి రెండుసార్లు తిరిగి ఆగింది. ఆ నిశ్శబ్దంలో అతను ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. ఎప్పటి నుంచి దగ్గుతున్నాడో, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆపాలని చూస్తున్నాడు, ఆగడం లేదు. వరసలో ఉన్నవాళ్లందరూ మాటలు ఆపి అటు తిరిగారు. చివరకు మొహం మీది గుడ్డతో నోరు తుడుచుకుని, ఆ గుడ్డను మడిచి జేబులో పెట్టుకుని, నన్ను చూశాడు.

“పిండి, టీచర్. గొంతుల పిండి వడ్డది, అంతే.”

“పొద్దున బండికి పట్నం పోదాం” అన్నాను. “బడికి సెలవు పెడ్త.”

అతను తల ఎత్తి, గది మధ్య వేలాడుతున్న బల్బు వైపు చూస్తూ, అది ఎప్పుడు వెలుగుతుందా అని నిలబడ్డాడు.